ఒళ్ళు అలవకుండా అభ్యర్థిని తూచే విద్య: బమ్రోలి ఓటరుకు చిట్కాలు

ఎన్నికలు ఏదో ఒకటి వస్తూనే ఉంటాయి. కార్పొరేషన్‌దో, అసెంబ్లీదో, పార్లమెంటుదో, అవేవీ కాకపోతే ఊళ్ళో సర్పంచిదో. సూరత్‌లోని బమ్రోలిలో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికే తెలుగువాడికి రెండు వైపులా పోరే. ఇక్కడ సాంచాలు నడిచే ఖాతా ముందు ఆటోలో మైకు, అక్కడ ఊరి నుంచి ఫోను. ఇన్ని మొహాల్లో ఎవరు పనికొస్తారో తేల్చుకోవాలంటే చదవాలి, నలుగురినీ అడగాలి, కాసేపు ఆలోచించాలి. అంత ఖర్మ మనకెందుకు? కింది చిట్కాలు వరుసగా పాటించండి. ఒక్క అభ్యర్థి గురించి ఒక్క ముక్క తెలుసుకోకుండానే పోలింగు రోజు గడిచిపోతుంది. ఇంకా శ్రద్ధగా పాటిస్తే పోలింగే ఉండదు. ఇది గాలి మాట కాదు, మన పక్కవాళ్ళు చేసి చూపించారు. ఆ వైభవం చివర్లో చెబుతాను.

1. మీరు ఏ నియోజకవర్గంలో ఉన్నారో తెలుసుకోకండి.

బమ్రోలి సూరత్ కార్పొరేషన్‌లో ఉంది. నీళ్ళు, మోరీలు, పన్నులు అన్నీ సూరత్‌వే. లోక్‌సభ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం నవసారి లెక్కలోకి వెళ్తాం. ఉధనా, లింబాయత్, మజూరా, చోర్యాసీ అసెంబ్లీ స్థానాలన్నీ నవసారి కిందివే. ఈ మెలిక తెలియకపోవడం ఓటరుకు పెద్ద వరం. సూరత్ అభ్యర్థుల మీద చాయ్ బండి దగ్గర నెల రోజులు వాదించవచ్చు. బూత్‌లో ఆ పేర్లు కనబడకపోతే "మార్చేసిండ్రు" అని తీర్పు చెప్పి బయటికి రావచ్చు. 2024 ఏప్రిల్‌లో సూరత్‌లో పోలింగు లేదని టీవీలో చెప్పగానే, మే 7న మీరు దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, మొదటి పాఠం మీకు ముందే వచ్చేసినట్టు. ఆ రోజు బమ్రోలి బూత్‌లు తెరిచే ఉన్నాయి.

2. ఇంటికొచ్చిన ఫారాన్ని ఫ్రిజ్ మీద పెట్టండి.

2025 నవంబరు 4 నుంచి గుజరాత్‌లో ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ మొదలుపెట్టారు. అలాంటప్పుడు బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) ఫారం తెచ్చిస్తారు. 2002 జాబితాలో మీ పేరో, అమ్మానాన్నల పేరో ఎక్కడుందో రాయమంటారు. ఆ ఏడు మీ నాన్న పేరు సిరిసిల్ల వైపో, వరంగల్ వైపో ఏదో జాబితాలో ఉండి ఉంటుంది. దాన్ని వెతకాలంటే ఊళ్ళో పెదనాన్నకు ఫోన్ చేయాలి, చేస్తే పొలం గట్టు తగాదా మళ్ళీ మొదలవుతుంది. వద్దు. బీఎల్ఓ రెండోసారి వస్తే పిల్లాణ్ణి గుమ్మంలోకి పంపించి "పప్పా ఘరే నథీ" (నాన్న ఇంట్లో లేడు) అనిపించండి. గుజరాతీ మీడియం చదువు ఇలాంటప్పుడైనా అక్కరకు రావాలి. జాబితాలో పేరు లేకపోతే అభ్యర్థిని తూచే బాధ మొదలంటా తెగిపోతుంది. తర్వాత పేరు పోవడం కుట్ర అని తిట్టుకునే హక్కు మాత్రం మీ దగ్గరే ఉంటుంది.

3. రెండు ఊళ్ళ మనిషిగా ఉండండి, ఏ ఊరికీ దొరక్కండి.

2024లో గుజరాత్‌కు మే 7న, తెలంగాణకు మే 13న పోలింగు. నడుమ ఆరు రోజులు. నవజీవన్ ఎక్కితే మర్నాటికి వరంగల్. ఇది చూసి కొందరికి రెండు చోట్లా వేద్దామన్న దురాశ పుడుతుంది. అది మొరటు పద్ధతి. ఒక మనిషి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది, అబద్ధపు ప్రకటనకు ఏడాది దాకా జైలు కూడా పెట్టింది. పైగా రెండు వరుసల్లో నిలబడాలి. రెట్టింపు శ్రమ!

తెలివైనవాడి దారి వేరు. రెండు చోట్లా వేయకపోవడం. ఇక్కడివాళ్ళు అడిగితే "నా ఓటు ఊళ్ళనే ఉంది భాయ్" అనండి. ఊరివాళ్ళు అడిగితే "ఓటు సూరత్‌కు మార్చుకున్న కాకా" అనండి. రెండూ నమ్మదగ్గ మాటలే, రెండూ మర్యాదగా ఉంటాయి, ఏ చట్టమూ మిమ్మల్ని ఏమీ చేయలేదు.

సర్పంచి ఎన్నికలప్పుడు మాత్రం ఈ నియమం సడలించుకోండి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణ పంచాయతీలకు పోలింగు జరిగింది. అలాంటి రోజుల్లో ఊరి నుంచి ఫోనొస్తుంది.

"బావా, ఎప్పుడొస్తున్నవ్? చార్జీలు నేను పెట్టుకుంట."

ఇక్కడ తూకం చాలా సులువు. స్లీపర్ ఇప్పిస్తానన్నవాడు మామూలు అభ్యర్థి. థర్డ్ ఏసీ అన్నవాడు మంచి అభ్యర్థి. రానూపోనూ టికెట్టు, స్టేషన్ నుంచి ఊళ్ళోకి బండి, తిరుగు ప్రయాణంలో సర్వపిండి పొట్లం కూడా కట్టిస్తానన్నవాడు మహానుభావుడు. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు సంగతి అడిగి ఆ బేరం చెడగొట్టకండి. ఆ నీళ్ళు తాగేది మీరు కాదు కదా, మీ అవ్వ.

4. పార్టీ ఆ మనిషిని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చిందో అడగకండి.

అమెరికాలో పార్టీ అభ్యర్థిని ఎంచే పని కూడా జనం నెత్తినే పెడతారు. ప్రైమరీలంటారు, కాకస్‌లంటారు. 2024 జనవరి 15న అయోవాలో ఎముకలు కొరికే చలిలో రిపబ్లికన్ పార్టీవాళ్ళు బడులకూ చర్చిలకూ పోయి, ప్రసంగాలు విని, చీటీలు వేశారు. సగానికి పైగా ట్రంప్‌కే పడ్డాయి. వివేక్ రామస్వామి ఆ రాత్రే రంగం నుంచి తప్పుకున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ మేనల్లుడు మార్చి 5 నాటి టెక్సాస్ ప్రైమరీ గురించి వీడియో కాల్‌లో గంటసేపు విశ్లేషిస్తాడు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి అక్కడ ఓటు లేదు. ఓటు లేనివాడికే ఈ ఉత్సాహం అంతా అని గమనించండి. మనకు ఓటుంది కాబట్టి ఉత్సాహం అక్కర్లేదు.

మన దగ్గరా ఆ సరదా ఒకసారి తీర్చుకున్నారు. 2014లో రాహుల్ గాంధీ పూనికతో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీలు పెట్టింది. మనకు ఎగువనున్న వడోదర అందులో ఒకటి. కార్యకర్తలు ఓట్లు వేసి నరేంద్ర రావత్‌ను ఎంచుకున్నారు. అంతలో నరేంద్ర మోదీ అక్కణ్ణుంచి పోటీ చేస్తారని తెలిసింది. రావత్ తప్పుకున్నారు, మధుసూదన్ మిస్త్రీ వచ్చారు, మోదీ 5.70 లక్షల ఆధిక్యంతో గెలిచారు. గెలిచాక వారణాసి ఉంచుకుని వడోదర వదిలేశారు. కార్యకర్తలు ఎంచుకున్నవాడు నిలబడలేదు, ఓటర్లు ఎంచుకున్నవాడు ఉండలేదు. ఇన్నాళ్ళూ మనం ఎంచకుండా ఉండి ఎంత సుఖపడ్డామో ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

2022లో ఆమ్ ఆద్మీ పార్టీ ఇంకో అడుగు ముందుకేసింది. గుజరాత్ ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరైతే బాగుంటుందో ఫోన్ చేసి చెప్పమంది. 16 లక్షలకు పైగా జనం పలికారనీ, వారిలో 73 శాతం ఇసుదాన్ గఢ్వీ పేరు చెప్పారనీ నవంబరు 4న కేజ్రీవాల్ ప్రకటించారు. గఢ్వీ ఖంభాళియాలో ఓడిపోయారు. పార్టీకి 182లో 5 సీట్లు వచ్చాయి. ఆ రోజు ఫోన్ చేయకుండా మీరు మిగుల్చుకున్న సమయంలో ఒక రీల్ అయినా చూసి ఉంటారు. అదే లాభం.

5. అఫిడవిట్ జోలికి పోకండి.

అభ్యర్థి ప్రతివాడూ ఫారం 26లో తన ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసివ్వాలి. అది ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, ఫోన్‌లో యాప్ కూడా ఉంది. నేర చరిత్ర ఉన్నవాణ్ణి ఎందుకు నిలబెట్టారో పార్టీలు కారణం చెప్పాలనీ, గెలుస్తాడు కాబట్టి నిలబెట్టాం అంటే చాలదనీ సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 13న అంది. కేసులున్నవాళ్ళు ఆ సంగతి పత్రికల్లో మూడుసార్లు ప్రకటించుకోవాలి కూడా. ఆ ప్రకటన చిన్న అక్షరాల్లో లోపలి పేజీలో వస్తుంది. ఆదివారం పొద్దున ఖమణ్ తెచ్చుకున్నప్పుడు ఆ పేజీ పరుచుకోండి. నూనె పీల్చడానికి ఆ కాగితం చాలా మంచిది. చట్నీ ఒలికితే కేసుల సంఖ్య మీదనే ఒలకాలి.

6. తూకం రాళ్ళు సరిగ్గా ఎంచుకోండి.

విద్య, అనుభవం, పోయిన అయిదేళ్ళలో ఏం చేశాడు, ఇవి బరువు రాళ్ళు, ఎత్తితే నడుం పట్టేస్తుంది. తేలిక రాళ్ళు వాడండి. మన నవసారి ఎంపీ సి.ఆర్. పాటిల్‌నే తీసుకోండి. పుట్టింది మహారాష్ట్రలో జల్‌గావ్ వైపు, ఒకప్పుడు పోలీసు కానిస్టేబుల్, 2009 నుంచి ఎంపీ, 2019లో 6.89 లక్షల ఆధిక్యం, 2024లో 7.73 లక్షల ఆధిక్యం, ఇప్పుడు కేంద్రంలో జలశక్తి మంత్రి. 2024లో ఆయన మీద కాంగ్రెస్ నుంచి నైషధ్ దేసాయి నిలబడ్డారు. ఈ ఇద్దరిలో ఎవరు ఏం చెప్పారో పోల్చి చూడాలంటే ఒక సాయంత్రం పడుతుంది. మరాఠీవాళ్ళు "మావాడే" అంటారు, ఒక్క క్షణంలో అయిపోతుంది. ఒడియావాళ్ళకు, భోజ్‌పురివాళ్ళకు వాళ్ళ రాళ్ళు వాళ్ళకున్నాయి. మనకు మాత్రం లేవా?

ఫ్లెక్సీ మీద ఒక్క ముక్కైనా తెలుగులో ఉందా చూడండి. వత్తులు ఎగిరిపోయినా ఫర్వాలేదు, ప్రేమే ముఖ్యం. బతుకమ్మ నాడు వచ్చి తట్ట ముందు ఫోటో దిగాడా? మార్కండేయ జయంతికి టెంటు ఎవరు వేయించారు, కుర్చీలు ఎన్ని పంపారు? కుర్చీలు వంద దాటితే ఆ మనిషికి పరిపాలన తెలుసన్నట్టే. మైకులో "నమస్కారం, బాగున్నారా" అన్నాడంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. బాగున్నారా అని అడిగినవాడికి మనం బాగాలేమని చెప్పడం, మీటరు రేటు ఎన్నేళ్ళుగా ఎంతకు ఆగిపోయిందో వివరించడం, దూది ధూళితో వచ్చే దగ్గు గురించి ఏకరువు పెట్టడం అసభ్యత. బాగున్నామనే చెప్పండి.

7. ఆలోచన పేజీ ప్రముఖ్‌కు అప్పగించండి.

గుజరాత్ బీజేపీ వాళ్ళది గొప్ప ఏర్పాటు. ఓటర్ల జాబితాలో ఒక్కో పేజీకి ఒక్కో మనిషిని, అతని కింద ఒక కమిటీని పెట్టారు. పేజీలో ఇంచుమించు ముప్పై పేర్లు. ఎవరు ఓటేశారు, ఎవరు ఇంకా పళ్ళు తోముకుంటున్నారు, వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది. మీ పేజీ ఆయన మీ ఇంటికొచ్చి చీటీ ఇచ్చి, బూత్ నంబరు చెప్పి, ఎవరికి వేయాలో కూడా చెబుతాడు. పాపం ఇంత కష్టపడుతున్నాడు, మళ్ళీ మనం సొంతంగా ఆలోచించడమంటే ఆయన్ని అవమానించినట్టే. వేరే పార్టీవాళ్ళు ఒక్కడూ మీ గుమ్మం తొక్కకపోతే అది వాళ్ళ ఖర్మ. మీరు పోయి వాళ్ళ మేనిఫెస్టో అడగడం ఏమిటి, మనకు సిగ్గు లేదా?

8. నాలుగు మీటలు ఒక్క ఊపులో నొక్కండి.

కార్పొరేషన్ ఎన్నికల్లో ఒక చిక్కుంది. 2021 ఫిబ్రవరి ఎన్నికల్లో సూరత్‌లో 30 వార్డులు, ఒక్కో వార్డుకు నలుగురు సభ్యులు, మొత్తం 120 మంది. సగం సీట్లు మహిళలవి. అంటే మీరు నాలుగు ఓట్లు వేయాలి, నలుగురినీ వేరు వేరుగా తూచాలి. నలుగురూ ఒకే పార్టీవాళ్ళు కానక్కర్లేదు. ఈ వాక్యం చదివి మరిచిపోండి. ఒక గుర్తు వరసన నాలుగుసార్లు నొక్కి బయటపడండి. వార్డు నుంచి నిలబడ్డ ఆవిడ పేరు అడిగితే ఆమె భర్త పేరు చెప్పండి, చాలామంది పోస్టర్ కూడా అలాగే వేయించుకుంటారు.

ఆ ఏడు బీజేపీకి 93, ఆమ్ ఆద్మీకి 27 వచ్చాయి, కాంగ్రెస్‌కు సున్నా. ఆ 27 మందిలో పలువురు తర్వాత బీజేపీలోకి మారారు. మీరు నొక్కిన గుర్తు ఒకటి, గెలిచినాయన మెళ్ళో కండువా ఒకటి. ఇక ముందు తూచి మాత్రం ఏం ప్రయోజనం అనుకుంటున్నారా? అలా అనుకోవడం మొదలుపెట్టారంటే ఈ చిట్కాలు పని చేస్తున్నట్టే.

9. సీసా లేదని కుంగిపోకండి.

గుజరాత్‌లో మద్యనిషేధం రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ ఉంది. మన మునుగోడు, హుజూరాబాద్ ఉప ఎన్నికల ముచ్చట్లు విన్నవాళ్ళకు ఇక్కడి ప్రచారం చప్పగా ఉంటుంది. నిజమే. పుట్టింటి అలవాట్లు అంత తొందరగా పోవు. సీసా లేనిచోట సభ చివర పంచే సేవ్ ఖమణితో తూచండి. దానిమ్మ గింజలు చల్లారా, ఉత్త సేవ్ పోశారా? గింజలు చల్లినవాడు లోక్‌సభకు, ఉత్త సేవ్ వాడు వార్డుకు. లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం ఖర్చు పెట్టుకోగలిగింది 95 లక్షలు. అందులో మీ ప్లేటు ఏ పద్దు కింద రాశారో ఆరా తీయకండి, తిన్నది అరగదు.

10. సెలవు అడగకండి.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే బమ్రోలిలో ఎక్కువమందికి ఈ ఒక్క చిట్కా చాలు, మిగతా పదకొండూ అక్కర్లేదు. పోలింగు పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా. ఖాతాలో పగటి షిఫ్టు కూడా ఇంచుమించు అంతే, పన్నెండు గంటలు. జీతం లేదు, నేసిన మీటర్లను బట్టే డబ్బు. సాంచా ఆగితే పైసా ఆగుతుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 135బి అని ఒక సెక్షన్ ఉంది. పోలింగు రోజు పనివాడికి జీతం కోయకుండా సెలవివ్వాలి, దినకూలీకైనా సరే. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకా. ఒక్క సాంచా మీద ఒక రోజులో శేఠ్ ఎంత సంపాదిస్తాడో, ఆ 500 ఆయన జేబులో ఏ మూలకు తగులుతుందో లెక్క వేయకండి, తలనొప్పి వస్తుంది.

ఈ సెక్షన్ పేరు ఖాతాలో ఎత్తకండి. ఎత్తినవాణ్ణి మర్నాడు మేస్త్రీ వేరే చూపు చూస్తాడు. మీటర్లకు కూలి కట్టేచోట సెలవు రోజు కూలి ఎన్ని మీటర్లకని లెక్కగడతారన్న ప్రశ్న కూడా వేయకండి. దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళే ఓటడగడానికి వస్తారు, వాళ్ళని ఇబ్బంది పెట్టడం మన సంస్కారం కాదు. రాత్రి షిఫ్టువాళ్ళకు ఇంకా సుఖం. ఉదయం ఏడింటికి ఇల్లు చేరి, సాయంత్రం దాకా నిద్రపోయి, లేచి టీవీ పెడితే ఎంత శాతం పోలైందో వాళ్ళే చెబుతారు.

11. సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

"కార్డు దొరకలే" అనేది పాతబడింది. ఆధార్, పాసుబుక్కు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలానే ఒప్పుకుంటున్నారు. ఇది చెప్పేవాడు కొత్తవాడని తెలిసిపోతుంది.

"ఎండ ఎక్కువున్నది." మేలో ఎప్పుడూ చెల్లుతుంది.

"ఎవడు గెలిచినా మన సాంచా మనమే నడుపుకోవాలె." ఇది సాకు కాదు, వేదాంతం. నోట్లో పాన్ ఉన్నప్పుడు ఇంకా గంభీరంగా వినిపిస్తుంది.

"వేలికి సిరా అంటితే అన్నంల కలుస్తది." ఆ సిరా మైసూరులో ప్రభుత్వ కంపెనీ తయారుచేస్తుంది, అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వారాల తరబడి పోదు. శాస్త్రం మీ వైపే ఉంది.

గుజరాత్‌లో సాకులకు ఒకప్పుడు చాలా విలువ ఉండేది. స్థానిక ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ ఇక్కడ చట్టం తెచ్చారు, 2014లో గవర్నరు సంతకం పెట్టారు, 2015లో ఓటేయనివాడికి 100 రూపాయల జరిమానా అన్నారు. అనారోగ్యం, ఊళ్ళో లేకపోవడం లాంటి కారణాలు చూపితే మినహాయింపు. సాకుకు 100 రూపాయల ధర పలికిన కాలం అది! ఆ ఆగస్టులోనే హైకోర్టు స్టే ఇచ్చింది. అప్పటి నుంచి సాకులు మళ్ళీ ఉచితమే, అందుకే నాణ్యత పడిపోయింది.

12. అభ్యర్థులే లేకుండా చూసుకోండి.

ఇది శిఖరం. ఇప్పటిదాకా చెప్పినవన్నీ తూకాన్ని తప్పించుకునే ఉపాయాలు. త్రాసునే తీసి పక్కన పెట్టేస్తే?

మనకిది పరాయి విద్య కాదు. తెలంగాణ ఊళ్ళలో సర్పంచి పదవికి గుడి ముందు వేలం పాట పెట్టి, ఎక్కువ పాడినవాడికి ఏకగ్రీవం చేసి, ఆ డబ్బుతో గుడికి ప్రహరీ కట్టుకున్న సందర్భాలు మనం వింటూనే ఉన్నాం. 2019లో ఏకగ్రీవమైన పంచాయతీకి 10 లక్షలిస్తామని తెలంగాణ సర్కారే ఆశ చూపింది. గుజరాత్‌లో దీన్ని సమరస్ గ్రామం అంటారు, 2001 నుంచి ప్రోత్సాహకాలు ఇస్తున్నారు. పోటీ లేకపోతే తగాదా లేదు, తగాదా లేకపోతే ఓటు లేదు, ఓటు లేకపోతే అడిగే నోరు లేదు. ఊరంతా ప్రశాంతం.

ఊరి స్థాయి ఈ విద్యను మహానగరం స్థాయికి తీసుకుపోయిన ఘనత సూరత్‌ది. 1957 నుంచి 1980 దాకా మొరార్జీ దేసాయిని ఢిల్లీకి పంపిన స్థానం. 2024లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ నామినేషన్ వేశారు. ఆయన పేరు ప్రతిపాదించిన ముగ్గురూ, అయినవాళ్ళే, ఆ సంతకాలు తమవి కావని ప్రమాణపత్రాలు ఇచ్చారు. ఏప్రిల్ 21న నామినేషన్ తిరస్కరించారు. పార్టీ పెట్టుకున్న బదులు అభ్యర్థి సురేశ్ పడసాలా కాగితాలూ అలాగే పోయాయి. మర్నాడు, 22న, మిగిలిన ఎనిమిది మందీ, బీఎస్పీ అభ్యర్థి ప్యారేలాల్ భారతితో సహా, తప్పుకున్నారు. బీజేపీకి చెందిన ముకేశ్ దలాల్ గెలిచినట్టు ధ్రువపత్రం అందుకున్నారు. పోలింగుకు పదిహేను రోజుల ముందే ఫలితం! 17 లక్షలకు పైగా ఓటర్లు, ఒక్కరికీ వేలికి సిరా మరక లేదు. నాలుగు రోజుల తర్వాత కాంగ్రెస్ కుంభాణీని ఆరేళ్ళు సస్పెండ్ చేసింది. అప్పటికి చేయడానికి మిగిలిన పని అదొక్కటే.

"మరి నోటా ఉంది కదా?" అని మీలో చదువుకున్నవాడు ఒకడు అడుగుతాడు. వాణ్ణి కూర్చోబెట్టి చెప్పండి. నోటాను సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27 తీర్పుతో ఇప్పించింది, నిజమే. అయితే బరిలో ఒక్కడే మిగిలితే పోలింగే పెట్టక్కర్లేదు, వాణ్ణే ఎన్నికైనట్టు ప్రకటించాలని 1951 చట్టం 53(2) సెక్షన్ అంటుంది. యంత్రమే లేనిచోట నోటా మీట ఎక్కడుంటుంది? ఈ సెక్షన్‌ను కొందరు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పనీపాటా లేనివాళ్ళు.

ఇండోర్‌వాళ్ళలా మాత్రం చేయకండి. అదే ఏడు ఏప్రిల్ 29న అక్కడి కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకుని బీజేపీలో చేరిపోయారు. వేరే అభ్యర్థులు కొందరు బరిలో మిగిలిపోవడంతో పోలింగు తప్పలేదు. చేతికందిన విశ్రాంతిని ఆ ఓటర్లు కాలదన్నుకున్నారు. ఎండలో వరుసకట్టి 2,18,674 మంది నోటా నొక్కారు. అంత ఓపిక ఉన్న జనానికి ఏ చిట్కా చెప్పీ లాభం లేదు.

బమ్రోలి ఇంకా వెనకబడే ఉంది. 2024 మే 7న నవసారి ఓటర్లలో నూటికి దాదాపు అరవై మంది పోయి ఓటేశారు, అందులో మనవాళ్ళూ ఉన్నారు, సిగ్గుచేటు. ఖాతాలు, గల్లీలు, సమాజం మీటింగులు అన్నిచోట్లా ఈ చిట్కాలు చదివి వినిపించండి. ఎవరైనా నామినేషన్ వేస్తానని బయల్దేరితే ఇంట్లోవాళ్ళతో చెప్పి ఆపించండి. చదవడం అయ్యాక ఈ కాగితం పక్క గదిలో ఒడియా తమ్ముడికి ఇవ్వండి. తెలుగు రాదంటాడు, అయినా ఇవ్వండి. ఖమణ్ పరుచుకోవడానికి పనికొస్తుంది.